తొమ్మిదో ముద్దాయి అడిగిన నకలు

ముద్దాయిగా కోర్టుకు తిరిగిన రోజుల్లో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పేరు పిలిచేవారు, లోపలికి పోయి నిలబడేదాన్ని, వాయిదా వేసేవారు, బయటికి వచ్చేదాన్ని. కేసు కొట్టేశాక, ఆ కొట్టేసిన కాయితం ఇప్పించండి అని పోయినప్పుడు మాత్రం నా ఊరు, పేరు, మొగుడి పేరు, ఏడాది, నెంబరు అన్నీ అడిగారు. నేరం మోపించుకోవడం సులువు. నేరం లేదని రాయించుకోవడానికి చెప్పులు అరిగాయి.

మాది రెంటచింతల చుట్టుపక్కల పల్లె. ఎండాకాలం గోడకు ఆనుకుంటే వీపు కాలే చోటు. ఊళ్ళో రెండు పార్టీలు, రెండింటికీ ఇద్దరు పెద్దమనుషులు. మా వీధి అంతా ఒకాయన కింద. ఆయన్ని మేము పెద్దాయన అనేవాళ్ళం. అవతలి వీధి వాళ్ళకు వాళ్ళ పెద్దాయన ఉన్నాడు. ఏ పార్టీ అని మనిషిని ఎవరూ అడగరు, ఏ వీధిలో కాపురమో చూస్తారు. నేను పెళ్ళి చేసుకుని ఆ వీధిలోకి వచ్చాను, దాంతో పార్టీలో చేరినట్టే. తర్వాత నా మొగుడు పోయాడు. పార్టీ మాత్రం పోలేదు.

ఒక సాయంత్రం సాగర్ కాలువ తూము దగ్గర నీళ్ళ వంతు కోసం రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. అటూ ఇటూ తలలు పగిలాయి. మా వైపు ఇలాంటి కేసులు రాయించడానికి ఒక మర్యాద ఉంది. ఎవరు కొట్టారన్నది తర్వాత సంగతి, అవతలి వీధిలో ఇంటికొక పేరు చొప్పున రాయిస్తారు. ఏ ఇంటినైనా వదిలేస్తే ఆ ఇంటివాళ్ళే నొచ్చుకుంటారు, మమ్మల్ని మనుషుల్లో జమకట్టలేదా అని. మా ఇంట్లో మగమనిషి లేడు కాబట్టి ఆ గౌరవం నాకు దక్కింది. నేను తొమ్మిదో ముద్దాయిని.

ఆ సాయంత్రం నేను ఊళ్ళోనే లేను. అచ్చంపేట దగ్గర మా అక్క కూతురి పురుటికి పోయి ఉన్నాను. దానికీ వాళ్ళు దారి చూసుకున్నారు. నన్ను చూశామని చెప్పలేదు, నా గొంతు విన్నామని చెప్పారు. నాది పుట్టుకతోనే బొంగురు గొంతు. చేలో నిలబడి ఒక కేక వేస్తే కాలువ అవతల మేసే గొడ్లు తలెత్తి చూస్తాయి. "నరకండి, పొడవండి అని ఆమె అరిచింది, ఆ గొంతు ఇంకెవరికీ ఉండదు" అని సాక్షి చెప్పాడు. పురుటింట్లో నేను అరిచింది వేణ్ణీళ్ళ కోసం.

కొన్నేళ్ళు తిరిగాం. వకీలు, జామీను, మధ్యాహ్నం అన్నం, అన్నీ పెద్దాయనే చూసేవాడు. మేము ట్రాక్టరు ఎక్కడం, దిగడం, నిలబడటం. ఈలోగా రాజకీయాలు మారాయి. ఇద్దరు పెద్దాయనలూ ఒకే పార్టీ కండువా వేసుకుని ఒకే జీపులో తిరగడం మొదలుపెట్టారు. దాంతో సాక్షులకు మతిమరుపు వచ్చింది. ఒకడికి తూము ఎక్కడుందో గుర్తులేదు, ఒకడికి తన తల ఎలా పగిలిందో గుర్తులేదు. కేసు కొట్టేశారు. గులాలు చల్లుకుంటూ ట్రాక్టరులో ఇంటికి వచ్చాం. తీర్పు కాయితం ఎవరి దగ్గరుంది, దాని మీద ఏముంది అని ఒక్కరమూ అడగలేదు. కొట్టేశారన్న మాటే మాకు తీర్పు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో మా ఊరికి అంగన్‌వాడీ సెంటరు ఇచ్చారు. పిల్లలకు వండిపెట్టి, చీమిడి తుడిచి చూసుకోవడానికి ఒక ఆయా కావాలన్నారు. చదువు అక్కర్లేదు, ఊరిమనిషి అయితే చాలు, మొగుడు లేనివాళ్ళకు ముందు ఇస్తామన్నారు. అప్పటిదాకా నేను మిరపకోతలకు పోయేదాన్ని. ఆ కారం చేతులతో కన్ను నలుపుకోవడానికి కూడా లేదు. రాత్రి పడుకుంటే అరచేతులు పొయ్యిలో పెట్టినట్టు ఉండేవి. నీడపట్టున పని, నెల తిరిగితే జీతం అంటే నాకు ఇంకేం కావాలి? అంగన్‌వాడీలన్నీ చూసుకునే ప్రాజెక్టు ఆఫీసు మేడమ్ జీపులో వచ్చి నన్ను చూసి, నాలుగు మాటలడిగి, పేరు రాసుకుని పోయింది.

వారం తిరగకముందే నా మీద అర్జీ పోయింది. ఈమె క్రిమినల్ కేసులో ముద్దాయి, ఈమె చేతిలో పసిపిల్లలను పెడితే ఊరికి క్షేమం కాదు అని. కింద సంతకాలు ఇద్దరు పెద్దాయనలవీ. ఏళ్ళ తరబడి తలలు పగలగొట్టుకున్న మనుషులు రాజీ పడ్డాక కలిసి చేసిన మొదటి ఊరిపని అదే. మా పెద్దాయన తన పాలేరు భార్యకు ఆ పోస్టు ఇస్తానని మాట ఇచ్చుకున్నాడు.

మేడమ్ నన్ను ఆఫీసుకు పిలిపించింది. "కేసు కొట్టేశారంటున్నావు. నోటిమాట పనికిరాదమ్మా. తీర్పు కాపీ పట్రా. నేను మళ్ళీ మీ ఊరు వచ్చేనాటికి నీ చేతిలో ఉండాలి. లేకపోతే రెండో పేరు రాసుకుంటా" అంది.

ముందు పెద్దాయన దగ్గరికే పోయాను. కేసు నెంబరు ఆయనకు తప్ప ఎవరికి తెలుస్తుంది? మంచం మీద పడుకుని రేడియో వింటున్నాడు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను.

"ఏమే, ఇట్టా వచ్చావు?"

"మన తూము కేసు నెంబరు కావాలయ్యా."

"అదెప్పుడో పోయింది గదే! రాజీ అయినాక పాత కేసులు తవ్వుకుంటారా ఎవురన్నా? ఊరు చల్లగా ఉండటం నీకు ఇష్టం లేదా ఏంది?"

"ఊరు చల్లగానే ఉందయ్యా. నా మీద ఎవురో అర్జీ పెట్టారంట."

"ఎవురంట?" అన్నాడు. అడిగేటప్పుడు రేడియో చెవి తిప్పుతున్నాడు.

"ఇద్దరు పెద్దమనుషులంట."

"ఏమోలే. లోకం చానా చెడిపోయింది. ఆ కాయితాలు కోర్టోళ్ళు తగలబెట్టేసి ఉంటారు. పోయి కూలి చూసుకోపో."

కోర్టుకు ఒంటరిగా పోవడం అదే మొదలు. ట్రాక్టరులో పోయేటప్పుడు కోర్టున్న ఊరు దగ్గరగా ఉండేది. బస్సులో పోతే దూరమైంది. నకళ్ళు ఇచ్చే చోటు వెనక వరండాలో ఉంది. చువ్వల కిటికీ, లోపల గుమాస్తా.

"ఏం కావాలమ్మా?"

"నా కేసు తీర్పు నకలయ్యా."

"నెంబరు?"

"తెలీదు."

"ఏ సంవత్సరం?"

"మా తూముకి నీళ్ళు సగమే వచ్చిన ఏడు."

"మా రిజిస్టర్లో నీళ్ళు రాయరమ్మా" అన్నాడు. కానీ మంచివాడే. ఎవరు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఎన్నికలకు ముందా తర్వాతా అని అడిగి ఏడాది పట్టుకున్నాడు. ఏ పోలీసు స్టేషను కింద ఊరో అడిగాడు. నెంబరు లేనివాళ్ళు ఏడాదీ స్టేషనూ చెప్పి, వెతకమని వేరే దరఖాస్తు పెట్టుకోవాలట. పక్కనున్న రాతగాడి చేత రాయించి వేలిముద్ర వేశాను. గుమాస్తా రిజిస్టరు తీసి నా పేరు కోసం పైనుంచి కిందకు వేలు జరిపాడు.

"నీ పేరు మీద ఏ కేసూ లేదమ్మా."

"లేకపోతే ఇన్నేళ్ళు నేను ఎవురి కేసుకి తిరిగానయ్యా?"

"మొదటి ముద్దాయి ఎవరు? కేసు ఆయన పేరుతోనే ఉంటుంది."

"పెద్దాయన."

"పేరు చెప్పమ్మా."

"పెద్దాయనే."

గుమాస్తా కలం కింద పెట్టాడు. "ముద్దాయి పేరు పెద్దాయన, తండ్రి పేరు పెద్ద పెద్దాయన అని చూడమంటావా?"

ఆయనకు ఎలా చెప్పేది? మా వీధిలో ఆడవాళ్ళం ఆయన పేరు పలకం. ఆయన భార్య పలకదు, మేమూ పలకం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరు నా నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. వెనక ఉన్నవాళ్ళు తోస్తున్నారు. అరచేతులు చూసుకున్నాను. పలికాను. ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా. నా గొంతు సంగతి తెలుసుగా, వరండా అంతా వినబడింది. మా ఊరివాడొకడు వేరే వాయిదాకు వచ్చి స్తంభం పక్కన బీడీ కాలుస్తున్నాడు. వాడు బీడీ కింద పారేసి లేచి నిలబడ్డాడు, పెద్దాయనే వచ్చాడనుకుని.

గుమాస్తా వేలు రెండో పేజీలో ఆగింది. "ఇదిగో. స్టేట్ వర్సెస్ ఆయన, అండ్ అదర్స్."

"అదర్సంటే?"

"తతిమ్మావాళ్ళు."

"నేను?"

"నువ్వు తతిమ్మా."

బస్సుల్లో పడి, ట్రాక్టర్లలో పడి, ఎండలో నిలబడి ఇన్నేళ్ళు తిరిగితే కోర్టువారి పుస్తకంలో నా హోదా అది. సరే, నెంబరు దొరికింది. ఆ నెంబరు వేసి తీర్పు నకలుకు అసలు దరఖాస్తు పెట్టాను. గుమాస్తా చీటీ ఇచ్చి, "ఎన్ని కాయితాలు పడతాయో లెక్కగట్టి, ఎంత స్టాంపు కావాలో బోర్డులో పెడతాం. చూసుకుని గడువులోగా కట్టాలి" అన్నాడు.

తర్వాతి వారం పోయాను. బోర్డు చూశాను. దాని నిండా కాయితాలు. నా పక్కన ఉన్నవాళ్ళు మెడ ఎత్తి చూస్తున్నారు, నేనూ మెడ ఎత్తి చూశాను. వాళ్ళు తలాడించారు, నేనూ తలాడించి వచ్చేశాను. ఆ మరుసటి వారం పోతే దరఖాస్తు కొట్టేశారట.

"బోర్డు చూశా గదయ్యా!"

"చూస్తే చాలదమ్మా, చదవాలి."

కొట్టేయడం అంటే నాకు అప్పటిదాకా మంచిమాట. ఆ కోర్టులో అది చెడ్డమాట కూడా అవుతుందని ఆ రోజే తెలిసింది. మళ్ళీ దరఖాస్తు.

కోర్టు గోడ పక్కన గొడుగులు బాగుచేసే సాయిబు ఒకాయన కూర్చునేవాడు. ఊచలు వంచుతూ, గుడ్డ కుడుతూ వచ్చేపోయేవాళ్ళ కేసులన్నీ వినేవాడు. వకీళ్ళు చెప్పనిది తాను చెబుతాననే నమ్మకం ఆయనకు. ఈసారి ఆయన్ని బతిమిలాడుకున్నాను.

"అన్నా, ఆ బోర్డు మీద నా చీటీ నెంబరు పడితే చూసి చెప్పవా?"

"దానికేందమ్మా, చెప్తా. ఏం కాయితం?"

"తీర్పు నకలు."

"మొత్తమా?" సాయిబు గొడుగు పక్కన పెట్టాడు. "పిచ్చిదానా, మొత్తం ఎందుకు? అంతా ఇంగిలీషు సోది. ఆ సాక్షి ఇట్టా అన్నాడు, ఈ సాక్షి అట్టా అన్నాడని. తీర్పంటే ఆఖరి పేజీయే. అందులో కొట్టేశామని ఉంటది. అదొక్కటే అడుగు, స్టాంపులు కలిసొస్తయ్యి."

నాకూ నిజమే అనిపించింది. మా ఊళ్ళో ఎవరిని అడిగినా తీర్పంటే ఆఖరి మాటే గదా. దరఖాస్తు దిద్దించి ఆఖరి పేజీ ఒక్కటే అడిగాను. గుమాస్తా నా వైపు వింతగా చూసి దరఖాస్తు తీసుకున్నాడు. ఈసారి సాయిబు బోర్డు చదివాడు, స్టాంపులు కట్టాను, నకలు చేతికి వచ్చింది. ఎర్ర ముద్ర, వెనక తారీఖులు. చీర మడతలో పెట్టుకుని నేరుగా ప్రాజెక్టు ఆఫీసుకు పోయాను.

అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏ-1 నుంచి అందరి మీదా నేరం రుజువు కాలేదు, వదిలేశాం అని ఉంది. ఇందులో నీ పేరేదీ?"

"తొమ్మిదో ముద్దాయిని నేనే."

"అని నువ్వంటున్నావు. కాయితం అనాలి గదా. ముద్దాయిల పేర్లు మొదటి పేజీలో ఉంటాయి. అది పట్రా."

సాయిబు దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆయనకు నా మొహం చూడగానే తెలిసిపోయింది.

"ఆఫీసరు కొత్తదా? కొత్తోళ్ళకి రూల్సు తెలియవు" అన్నాడు.

"నీకు తెలుసుగదన్నా! ఇంక నీ సలహా చాలు, గొడుగు కుట్టుకో."

"కోపం చేసుకోబాక చెల్లె. ఈసారి మొత్తం అడుగు. బోర్డు నేనే చూస్తా" అన్నాడు. చూశాడు కూడా. గడువు రేపటితో అయిపోతుందనగా మా ఊరికి వచ్చే మాచర్ల బస్సు డ్రైవరుతో కబురు పంపాడు. ఆ కబురు అందకపోతే మూడోసారి కూడా పోయేదే.

మొత్తం తీర్పు వచ్చింది. దారంతో కుట్టిన కాయితాల కట్ట. ఒక్క ముక్క నాకు అర్థం కాదు. అయినా బస్సులో ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతూ వచ్చాను. పక్కన కూర్చున్నామె నన్ను టీచరమ్మ అనుకుని జరిగి చోటిచ్చింది.

మేడమ్ మా ఊరు వచ్చిన రోజు బడి వరండాలో కుర్చీలు వేశారు. మేడమ్‌కు అటొక పెద్దాయన, ఇటొక పెద్దాయన. పాలేరు భార్య కొత్త చీర కట్టుకుని స్తంభం పక్కన నిలబడింది. ఆమె తప్పేమీ లేదు, రమ్మన్నారు, వచ్చింది.

మా పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మాకు ఆ అమ్మాయి మీద కోపం ఏమీ లేదండీ మేడమ్. పాపం మా వీధి మనిషే. కానీ పసిపిల్లల యవ్వారం. క్రిమినల్ కేసులో ఉన్న మనిషిని ఎట్టా పెడతాం, చెప్పండి?"

నేను కాయితాలు మేడమ్ చేతిలో పెట్టాను. ఆమె మొదటి పేజీ తిప్పింది, చదివింది. అర్జీ తీసి దాని కింద సంతకం చూసింది. మళ్ళీ మొదటి పేజీ చూసింది.

"మొదటి ముద్దాయి మీరేనాండీ?" అని పెద్దాయనను అడిగింది.

"ఆ... అది... పార్టీ కేసులండీ. అట్టా రాసేస్తారు."

"మరి ఈమెను?"

"ఈమెను కూడా అట్టాగే..." అని ఆగిపోయాడు.

అవతలి పెద్దాయన నవ్వు ఆపుకోలేక తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రాజీ అయితే అయింది గానీ ఆ నవ్వు పాతదే. మేడమ్ ఆయన వైపు తిరిగింది. "తల పగిలిందని ఫిర్యాదు ఇచ్చింది మీరేగా? కోర్టులో మీరు గుర్తులేదని చెప్పినట్టు ఇక్కడ రాశారు. అర్జీ పెట్టేటప్పుడు గుర్తొచ్చిందా?" ఆయన తువాలు తియ్యలేదు.

మేడమ్ ఇంకో రెండు పేజీలు తిప్పి, నా గురించి రాసిన చోట ఆగి, పైకి తెలుగులో చెప్పింది. తొమ్మిదో ముద్దాయి ఎవరినీ కొట్టినట్టు ఏ సాక్షీ చెప్పలేదు, ఆమె గొంతు మాత్రం విన్నామన్నారు, ఆ మాట కూడా తర్వాత వెనక్కి తీసుకున్నారు, గొంతు విన్నంత మాత్రాన మనిషి అక్కడున్నట్టు నమ్మలేము అని. ఇంగ్లీషులో నా గురించి ఇంత రాసి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. అచ్చంపేట సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు. నన్ను ఎవరూ అడగలేదు గదా, నేనూ చెప్పలేదు.

పోస్టు నాకే రాసింది. మా పెద్దాయన లేచి తువాలు దులుపుకుని పోతూ నా పక్కన ఒక్క క్షణం ఆగాడు. "కోర్టులో నా పేరు అరిచావంట గదే?"

"అరవలేదయ్యా. అడిగితే చెప్పా."

తువాలు భుజాన వేసుకుని పోయాడు. తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు, దాంతో ఆయన చెప్పే పనులు తప్పి నాకు చానా పొద్దు కలిసొచ్చింది.

పనిలో చేరే రోజు పొద్దున్నే ఆర్డరు తీసుకోవడానికి ప్రాజెక్టు ఆఫీసుకు పోయాను. గుమాస్తా ఆర్డరు చేతికిచ్చి, ఇంక పో అన్నాడు.

"నా తీర్పు కాయితాలు ఇయ్యవా?"

"అవి ఫైల్లో కలిసిపోయాయి. తీసి ఇవ్వకూడదు."

"అవి నావి గదయ్యా. రేపు ఇంకో పెద్దమనిషి ఇంకో అర్జీ పెడితే నేనేం చూపించేది?"

"కావాలంటే నకలుకు దరఖాస్తు పెట్టుకో."

నకలుకు నకలు! నాకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఆయన బల్ల ముందు నేల మీద కూర్చున్నాను. పోవమ్మా అన్నాడు, పోలేదు. అవతల మనుషులున్నారు అన్నాడు, ఉండనీ అన్నాను. "మేడమ్ చూస్తే బాగుండదు" అన్నాడు. "పిలువు నాయనా, ఆమెతోనే చెప్తా" అన్నాను, కొంచెం గట్టిగానే.

మేడమ్ తలుపులోంచి తొంగిచూసింది. సంగతి విని, "ఫైలుకు నువ్వే ఒక ప్రతి రాసిపెట్టుకో. ఆమెది ఆమెకిచ్చెయ్" అని లోపలికి పోయింది.

ఆయన కలం తీసి ఆ ఇంగ్లీషు పేజీలన్నీ చేత్తో ఎక్కించడం మొదలుపెట్టాడు. ఒక్కో పేజీ అయ్యేకొద్దీ నా వైపు చూసేవాడు, లేచి పోయానేమోనని. నేను పైట చెంగుతో విసురుకుంటూ అక్కడే ఉన్నాను. మధ్యలో ఒకసారి ఆయనకే పైకి నవ్వు వచ్చింది. "నువ్వు నిజంగానే అరిచావా తూము దగ్గర?" అని అడిగాడు. ఆ కేసు మొదలైన నాటి నుంచి నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ సాయంత్రం ఎక్కడున్నానో, వేణ్ణీళ్ళ సంగతి, పుట్టిన పిల్ల సంగతి అన్నీ చెప్పాను. ఆయన రాయడం ఆపి విన్నాడు.

కాయితాలు తీసుకుని బస్సు దిగి సెంటరు తలుపు తీసేసరికి ఎండ నడినెత్తి దాటింది. పిల్లలు గిన్నెలు పట్టుకుని అరుగు మీద వరసగా కూర్చున్నారు. ఒకడు అప్పటికే ఏడుపు మొదలుపెట్టాడు. కట్టను దూలం మీద పెట్టి, పొయ్యి అంటించాను.